చావు తప్ప విడాకులు లేని దేశంలో ప్రేమకథలు

(ఒక సాహిత్య సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పందొమ్మిదో శతాబ్దపు రష్యన్ నవలల్లో సంఘం ఒప్పుకోని ప్రేమల గురించి మాట్లాడమన్నారు. మామూలుగా ఈ విషయం ఎత్తగానే మనం పాత్రల గుణగణాల్లోకి వెళ్లిపోతాం. టాల్‌స్టాయ్ నవల "అన్నా కరెనినా"నే తీసుకోండి. భర్తను వదిలి ప్రియుడితో వెళ్లిపోయిన అన్నా చేసింది తప్పా, ఆ ప్రియుడు వ్రోన్‌స్కీ మంచివాడేనా, భర్త కరెనిన్‌కి మనసంటూ ఉందా అని. ఆ చర్చ తెల్లవార్లూ సాగుతుంది. ఇవాళ నేను వేరే వైపు నుంచి వస్తాను. ఈ కథలు జరిగిన దేశంలో పెళ్లి చట్టం ఎలా ఉండేది, అది ఆ పాత్రల చేత ఏమేం చేయించింది అన్నది చెబుతాను. ఆ చట్టం తెలియకుండా ఈ పుస్తకాలు చదివితే సగమే చదివినట్టని నా గట్టి నమ్మకం.

ఈ కథలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎవరో ఒకరు చచ్చిపోతుంటారు. లేదా చచ్చిపోయారని తప్పుడు కబురు వస్తుంది. లేదా చచ్చిపోయినట్టు నాటకం ఆడతారు. అంతా రచయితలకు ఏడుపు మీద మోజు అనుకుంటే పొరపాటే. ఆ దేశంలో పెళ్లి నుంచి బయటపడటానికి ఉన్న పెద్ద తలుపు చావు. మిగిలినవి చిన్నచిన్న కిటికీలు, వాటికీ ఊచలు.

ఆ కిటికీలేమిటో ముందు చూద్దాం. రష్యన్ సామ్రాజ్యంలో ఆర్థొడాక్స్ క్రైస్తవుల పెళ్లి, విడాకులు రెండూ చర్చి చేతిలోనే ఉండేవి. మామూలు కోర్టుకు విడాకులిచ్చే అధికారం లేదు. మతాధికారుల విచారణ మండలి ముందుకు వెళ్లాలి. విడాకులకు కారణాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. భార్యో భర్తో అయిదేళ్లకు పైగా అయిపూ అజా లేకుండా పోవాలి. లేదా నేరం రుజువై పౌరహక్కులన్నీ పోగొట్టుకుని సైబీరియాకు పోవాలి. లేదా పెళ్లికి ముందు నుంచే కాపురానికి పనికిరాని శారీరక లోపం ఉండాలి. ఇవేవీ కాకపోతే మిగిలింది వ్యభిచారం. దాన్ని రుజువు చెయ్యాలంటే "అవును, నేను చేశాను" అని ఒప్పుకున్నంత మాత్రాన చాలదు. కళ్లారా చూసిన సాక్షులు ఇద్దరో ముగ్గురో కావాలి. ఇలాంటిదానికి సాక్షులు ఎక్కణ్ణుంచి వస్తారు? డబ్బిచ్చి తెచ్చుకోవాలి. అంటే దేవుడి పేరు మీద నడిచే విచారణలో విడాకులు కావాలంటే అబద్ధం ఆడక తప్పని ఏర్పాటు అది.

ఇంతా చేసి విడాకులు వచ్చినా, వ్యభిచార దోషం ఎవరి మీద రుజువైతే వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోకూడదు. ఈ నిషేధం 1904 దాకా అలాగే ఉంది. ఇప్పుడు ఆలోచించండి. ఒకావిడ భర్తను వదిలి ప్రేమించినవాణ్ణి పెళ్లాడాలనుకుంది. దోషం ఆమెదని తేలితే ఆమెకు పెళ్లి హక్కు పోతుంది. ఆమె పెళ్లి చేసుకోవాలంటే ఏ తప్పూ చెయ్యని భర్త ఆ తప్పు తన నెత్తిన వేసుకోవాలి, కొనుక్కున్న సాక్షుల ముందు వ్యభిచారిగా నిలబడాలి, ఇక జన్మలో ఇంకో పెళ్లి లేకుండా ఉండిపోవాలి.

విడాకుల మాట అటుంచి, కనీసం విడిగా బతుకుదామన్నా కుదరదు. భర్తతోనే ఉండాలని చట్టం. దేశం లోపల ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లి ఉండాలన్నా పాస్‌పోర్టు కావాలి, పెళ్లయిన ఆడదానికి అది భర్త అనుమతితోనే వస్తుంది. ఇది సడలింది 1914లో. భార్య భర్తకు హద్దులేని విధేయతతో ఉండాలని, అతని పట్ల ప్రేమతో ఉండాలని కూడా ఆ చట్టంలో రాసి ఉంది. ప్రేమించమని చట్టం ఆజ్ఞాపించిన దేశం. ఒక్క మాట మాత్రం వాళ్ల పక్షాన చెప్పాలి. పెళ్లయిన ఆడవాళ్లకు సొంత ఆస్తి మీద హక్కు రష్యాలో పద్దెనిమిదో శతాబ్దం నుంచే ఉంది. ఆ కాలానికి యూరప్‌లో చాలా దేశాల్లో అది లేదు. ఆస్తి తనది, శరీరం మాత్రం తనది కాదు. ఈ వైరుధ్యం మీదే ఆ నవలల్లోని ఆడవాళ్లు నడుస్తారు.

ఇప్పుడు "అన్నా కరెనినా" దగ్గరికి వద్దాం. టాల్‌స్టాయ్ దీన్ని 1873లో మొదలుపెట్టాడు. 1875 నుంచి 1877 దాకా "రూస్కీ వెస్త్‌నిక్" పత్రికలో వచ్చింది. రాయడం మొదలుపెట్టడానికి ఒక ఏడాది ముందు, 1872 జనవరిలో, ఆయన ఊరికి దగ్గర్లోని యాసెన్‌కీ రైల్వే స్టేషన్లో ఒకామె రైలు కింద పడి చనిపోయింది. పేరు అన్నా పిరోగొవా. పొరుగు భూస్వామి ఇంట్లో పనులు చూసుకుంటూ అతనితో కలిసి ఉండేది. అతను వేరే ఆమెను పెళ్లి చేసుకోబోతున్నాడని తెలిసి ఆ పని చేసింది. టాల్‌స్టాయ్ వెళ్లి ఆ శవాన్ని చూసి వచ్చాడు. నవల పుట్టుక గురించి చెప్పేటప్పుడు అందరూ దీన్ని చెబుతారు.

అంతకంటే దగ్గరిది, ఇంత తరచుగా చెప్పుకోనిది ఇంకోటుంది. టాల్‌స్టాయ్ సొంత చెల్లెలు మరియా భర్తను వదిలేసింది. విదేశాల్లో ఉండగా ఒక స్వీడన్ కులీనుడితో ప్రేమలో పడింది. 1863లో ఒక ఆడపిల్ల పుట్టింది, ఎలేనా. ఆ పిల్లకు రష్యన్ పద్ధతిలో తండ్రి పేరు పెట్టాలి కదా. అసలు తండ్రి పేరు పెట్టలేక మేనమామ సెర్గేయ్ పేరు పెట్టారు. ఎలేనా సెర్గేయెవ్నా అయింది. "అన్నా కరెనినా" పత్రికలో వస్తున్న రోజుల్లో, 1876లో, మరియా తన అన్న టాల్‌స్టాయ్‌కి ఉత్తరం రాసింది. తమకు ఏం రాసిపెట్టి ఉందో ఈ అన్నా కరెనినాలందరికీ ముందే తెలిస్తే ఆ క్షణిక సుఖానికి ఎంత దూరం పారిపోయేవాళ్లో అని అందులో బాధపడింది. నవలలోని మనిషి పేరు పెట్టి తన గురించి చెప్పుకుంది ఆమె. చివరికి షమోర్దినొ మఠంలో సన్యాసిని అయింది. 1910లో ఎనభై రెండేళ్ల టాల్‌స్టాయ్ ఇల్లు విడిచి వెళ్లిపోయినప్పుడు దారిలో ఆమె దగ్గరికే వెళ్లాడు. కాబట్టి టాల్‌స్టాయ్ అన్నాను దూరం నుంచి చూసి తీర్పు చెప్పాడని ఎవరైనా అంటే నాకు కష్టంగా ఉంటుంది. వాళ్లింట్లో ఆ కథ ఉంది.

నవల ఎలా మొదలవుతుందో గుర్తు చేసుకోండి. తప్పు చేసింది అన్నా కాదు, ఆమె అన్న స్తీవా. పిల్లలకు చదువు చెప్పిన ఫ్రెంచ్ ఆవిడతో సంబంధం పెట్టుకున్నాడు. భార్య డాలీకి తెలిసిపోయింది. ఇల్లు అల్లకల్లోలం. అన్నా పీటర్స్‌బర్గ్ నుంచి మాస్కో వచ్చి వదినకు నచ్చజెప్పి కాపురం నిలబెడుతుంది. స్తీవాను ఎవరూ వెలివేయరు. క్లబ్బుకు వెళ్తాడు, విందులు చేస్తాడు, ఉద్యోగంలో పైకి వస్తాడు. ప్రిన్సెస్ బెట్సీకి ప్రియుడున్నాడని ఊరంతటికీ తెలుసు. ఆవిడ ఇంట్లో విందుకు పిలుపు వస్తే గొప్ప. వ్రోన్‌స్కీ తల్లి కూడా కొడుక్కి పెద్దింటి ఆడదానితో సంబంధం ఉందంటే మొదట్లో సంతోషించింది, కుర్రాడికి అదొక మెరుగు అనుకుంది. అతను ఆ సంబంధం కోసం మంచి ఉద్యోగావకాశం వదులుకున్నాడని తెలిశాకే ఆవిడకు మండింది. ఈ సంఘానికి ప్రేమతో గొడవ లేదు. గుట్టుగా ఉంటే చాలు.

అన్నా గుట్టుగా ఉండలేకపోయింది. గుర్రప్పందెంలో వ్రోన్‌స్కీ పడిపోయినప్పుడు అందరి ముందూ తల్లడిల్లిపోయింది. ఇంటికి వెళ్లే బండిలో భర్త మందలిస్తే, అతణ్ణి ప్రేమిస్తున్నానని మొహం మీదే చెప్పేసింది. అప్పుడు కరెనిన్ ఏం ఆలోచించాడో టాల్‌స్టాయ్ ఓపిగ్గా రాస్తాడు. ఆ అధ్యాయం నాకు చాలా ఇష్టం. ఆయన పెద్ద ప్రభుత్వాధికారి కదా, ఫైలు చూసినట్టే చూస్తాడు. డ్యూయెల్ పెట్టుకుంటే? ఉపయోగం లేదు. విడాకులు తీసుకుంటే? పరువు పోతుంది, రచ్చకెక్కుతుంది. విడిగా ఉంటే? అదీ రచ్చే. చివరికి తేల్చాడు. ఆమె తన ఇంట్లోనే ఉండాలి, జరిగింది బయటికి పొక్కకూడదు, బయటికి అంతా మామూలుగా కనిపించాలి. తనకు కావలసింది ఆమె మనసు మారడం కాదని, వ్రోన్‌స్కీ తన ఇంటి గడప తొక్కకపోవడమేనని తర్వాత ఆమెతోనే అంటాడు.

అదీ తప్పాక లాయరు దగ్గరికి వెళ్తాడు. ఈ సన్నివేశం ఒక్కసారి దగ్గర్నుంచి చూద్దాం. బట్టతల, పొట్టి మనిషి ఆ లాయరు. కరెనిన్ తన బతుకంతా విప్పి చెబుతుంటే ఆయన ముక్కు ముందు నుంచి ఒక చిమ్మట ఎగురుతుంది. చెయ్యి కదిలిస్తాడు, కానీ వచ్చినవాడి హోదా చూసి ఆగుతాడు. విడాకుల కారణాలు ఒక్కొక్కటే, నేను ఇందాక చెప్పినవే, చదివి వినిపిస్తాడు. ఇలాంటి వ్యవహారాల్లో ఫాదర్లకు చిన్నచిన్న వివరాల మీద ఆసక్తి ఎక్కువ అంటాడు. మధ్యలో ఇంకో చిమ్మటను పట్టేస్తాడు. కరెనిన్ వెళ్లిపోయాక ఆయనకు ఎంత హుషారొచ్చిందంటే, చిమ్మటలు పట్టడం మానేసి వచ్చే చలికాలానికి కుర్చీలకు వెల్వెట్ వేయించెయ్యాలని నిర్ణయించుకుంటాడు. ఒక కుటుంబం కూలిపోవడం ఇంకొకడికి కుర్చీల గుడ్డ. టాల్‌స్టాయ్ ఇక్కడ ఒక్క వ్యాఖ్య కూడా చెయ్యడు.

తర్వాత అన్నాకు ప్రసవమవుతుంది. ఆమె చావు బతుకుల్లో ఉందని టెలిగ్రాం వస్తుంది. రైలు దిగి బండిలో ఇంటికి వస్తున్న కరెనిన్ ఒక ఆలోచనను వదిలించుకోలేకపోతాడు. ఆమె చనిపోతే తన చిక్కులన్నీ ఒక్కసారిగా విడిపోతాయి. దుర్మార్గుడు కాబట్టి అలా అనుకోలేదు. చట్టం ఆయనకు చూపించిన తలుపు అదొక్కటే. ఇంటికొచ్చి, ఆమె మంచం పక్కన నిలబడి, క్షమిస్తాడు. నిజంగానే క్షమిస్తాడు. ఆ తర్వాత నేరం తన నెత్తిన వేసుకుని విడాకులివ్వడానికి, కొడుకును కూడా వదులుకోవడానికి సిద్ధపడతాడు. అప్పుడు అన్నా వద్దంటుంది. ఆ ఔదార్యం ఆమె భరించలేకపోయింది. విడాకులు లేకుండానే వ్రోన్‌స్కీతో ఇటలీ వెళ్లిపోతుంది. తర్వాత ఆమె అడిగే నాటికి ఆయన కౌంటెస్ లిదియా ఇవానొవ్నా అనే భక్తురాలి చేతుల్లోకి వెళ్లిపోయి ఉంటాడు. నిద్రలో పలవరించే ఒక ఫ్రెంచివాడి మాటలు పట్టుకుని విడాకులు ఇవ్వనంటాడు.

పీటర్స్‌బర్గ్ తిరిగొచ్చాక అన్నాకు జరిగింది చూడండి. బెట్సీ చూడటానికొస్తుంది. విడాకులెప్పుడు అని అడుగుతుంది. నేనైతే పట్టించుకోను గానీ పెళ్లయ్యే దాకా మడికట్టుకున్నవాళ్లు నిన్ను దగ్గరికి రానివ్వరు అని చెప్పి, పది నిమిషాలైనా కూర్చోకుండా వెళ్లిపోతుంది. ప్రియుణ్ణి పెట్టుకున్న బెట్సీ. వ్రోన్‌స్కీ వదిన వార్యా నిజంగా మంచి మనిషి. ఆమె కూడా, ఎదుగుతున్న ఆడపిల్లలున్నారు, భర్త కోసం నలుగురిలో తిరగాలి, నేను రానివ్వలేను అంటుంది. అయినా అన్నా పారిస్‌లో కుట్టించిన గౌను వేసుకుని థియేటర్‌కు వెళ్తుంది. పక్క బాక్సులో కూర్చున్నావిడ, ఈవిడ పక్కన కూర్చోవడం అవమానమని గట్టిగా అనేసి లేచిపోతుంది. చదువుతుంటే మనకే చెంప మండుతుంది. అక్కడ వ్రోన్‌స్కీ ఉన్నాడు, అతణ్ణి ఎవరూ ఏమీ అనలేదు.

ఇక అన్నా, కరెనిన్‌ల కొడుకు సెర్యోజా. తొమ్మిదో పుట్టినరోజు. తల్లి చచ్చిపోయిందని ఆ పిల్లాడికి చెప్పి పెట్టారు. ఇక్కడా అదే చూడండి, బతికున్న తల్లిని కాగితం మీద చంపలేక పిల్లాడి మనసులో చంపేశారు. పొద్దున్నే మేలిముసుగు వేసుకుని, తన ఇంటికే దొంగలా వెళ్తుంది అన్నా. ముసలి కాపలాదారు కపితోనిచ్ గుర్తుపట్టి లోపలికి పంపుతాడు. పిల్లాడు నిద్రమత్తులో కళ్లు తెరిచి, "నాకు తెలుసు" అన్నట్టు నవ్వి చేతుల్లో వాలిపోతాడు. కొన్ని నిమిషాలే. భర్త వచ్చే వేళవుతుంది, పరుగున బయటికొస్తుంది. ముందురోజు దుకాణంలో అంత ప్రేమగా, అంత దిగులుగా ఏరి కొన్న బొమ్మలు తియ్యనే లేదు. అలాగే బసకు తెచ్చేసుకుంది. మొత్తం నవలలో రైలు కంటే ఈ బొమ్మల పొట్లమే నన్ను ఎక్కువ కోస్తుంది.

అన్నా, వ్రోన్‌స్కీలకు కూతురు పుడుతుంది కదా, ఆ పిల్ల ఇంటిపేరు ఏమిటి? కరెనినా. వ్రోన్‌స్కీ డాలీతో మొరపెట్టుకుంటాడు. నా కూతురు చట్టప్రకారం నా కూతురు కాదు. రేపు కొడుకు పుట్టినా వాడూ కరెనినే, నా పేరుకూ ఆస్తికీ వారసుడు కాడు అని. అతని అసహనం, అన్నా అనుమానం, రోజూ పోట్లాటలు, చివరికి ఆ స్టేషను, వీటన్నిటి వెనుకా ఈ కాగితం ఉంది. అన్నా మనస్తత్వం, మత్తుమందు, అసూయ కూడా ఉన్నాయి, కాదనను. కానీ ఆ ఇద్దరికీ ఒక మామూలు పెళ్లి సర్టిఫికెట్ ఉంటే కథ అక్కడికే వెళ్లేదా అని అడగకుండా ఉండలేను.

సరే, టాల్‌స్టాయ్ కంటే ముందు ఈ గోడకు తల కొట్టుకున్నవాళ్లున్నారు. రచయిత కరమ్‌జిన్ 1792లోనే "బేద లీజా" రాశాడు. రైతు పిల్ల, కులీన యువకుడు, చివరికి ఆ పిల్ల మాస్కోలో సీమొనొవ్ మఠం దగ్గరి చెరువులో దూకుతుంది. జనం ఆ చెరువును చూడటానికి వెళ్లేవారట. అక్కడ అడ్డొచ్చింది వర్గభేదం. దాన్ని దాటేసి పుష్కిన్ దగ్గరికి వెళ్దాం.

"యెవ్‌గేనీ అనేగిన్" చివర్లో తత్యానా ఒక జనరల్‌కు భార్య. ఒకప్పుడు తన ప్రేమలేఖను కాదన్న అనేగిన్ ఇప్పుడు కాళ్ల మీద పడతాడు. నిన్ను ప్రేమిస్తున్నాను, దాచడమెందుకు, కానీ నన్ను వేరొకరికిచ్చారు, జన్మంతా అతనికే కట్టుబడి ఉంటాను అంటుంది. రష్యన్లు ఈ మాట మీద దశాబ్దాల పాటు కొట్టుకున్నారు. విమర్శకుడు బెలిన్‌స్కీకి కోపమొచ్చింది. ప్రేమ లేని బంధానికి కట్టుబడి ఉండటం పాతివ్రత్యమా, అదే అసలైన అవినీతి అన్నాడు. 1880 జూన్‌లో మాస్కోలో పుష్కిన్ విగ్రహావిష్కరణ సందర్భంగా దోస్తోయెవ్‌స్కీ చేసిన ప్రసంగం ప్రఖ్యాతమైంది. ఆయన తత్యానాకు చేతులెత్తి మొక్కాడు. ఇంకొకరి దుఃఖం మీద మన సుఖం కట్టుకోవచ్చా, ఆ భర్త ఏం పాపం చేశాడు అని అడిగాడు. నేను ఇద్దరినీ గౌరవిస్తాను. కానీ ఒకటుంది. తత్యానా సరే అంటే ఏం జరిగేది? ఎక్కడికి వెళ్లేవాళ్లు? సరే అన్న తత్యానా కథ నలభై ఏళ్లు దాటాక టాల్‌స్టాయ్ రాశాడు.

1859లో అచ్చయిన తుర్గేనెవ్ నవల "కులీనుల గూడు" ఈ చట్టానికి అచ్చమైన ఉదాహరణ. లవ్రేత్‌స్కీ మంచివాడు. భార్య వర్వరా పారిస్‌లో ఇంకొకరితో తిరుగుతోందని తెలిసి వదిలేసి ఊరికొచ్చేశాడు. లీజా అనే భక్తురాలైన అమ్మాయి మీద ప్రేమ పుట్టింది. కానీ తను పెళ్లయినవాడు. ఒక రోజు ఫ్రెంచ్ పత్రికలో భార్య చనిపోయిందన్న వార్త చూస్తాడు. చూశారా, తలుపు తెరుచుకుంది. ఒక వెన్నెల రాత్రి తోటలో ఇద్దరూ మనసు విప్పుకుంటారు. మర్నాడే అతను ఇంటికి వెళ్లేసరికి హాల్లో పెట్టెలు, అత్తరు వాసన. భార్య బతికే ఉంది, కూతుర్ని వెంటబెట్టుకుని క్షమించమంటూ వచ్చింది. లీజా మఠంలో చేరిపోతుంది. ఏళ్ల తర్వాత లవ్రేత్‌స్కీ ఆ మఠానికి వెళ్తాడు. ఆమె అతని పక్క నుంచే వెళ్తుంది, తలెత్తదు. కనురెప్పలు మాత్రం కాస్త అదురుతాయి, జపమాల పట్టుకున్న వేళ్లు ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. అంతే రాశాడు తుర్గేనెవ్.

తుర్గేనెవ్ చావు కబురు తప్పని తేల్చితే, చెర్నిషేవ్‌స్కీ ఆ చావునే ఆయుధం చేశాడు. "ఏం చెయ్యాలి?" నవల ఆయన 1862-63లో పీటర్స్‌బర్గ్ కోటలో ఖైదీగా ఉంటూ రాశాడు. సెన్సారు ఎలా వదిలేసిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. పైగా కవి నెక్రాసొవ్ ఆ రాతప్రతిని దారిలో పోగొట్టుకుని పేపర్లో ప్రకటన వేసి తిరిగి తెచ్చుకున్నాడు. కథలో వేరా పావ్లొవ్నాను తల్లి డబ్బున్నవాడికి కట్టబెట్టబోతుంటే, లొపుహోవ్ అనే వైద్య విద్యార్థి ఆమెను పెళ్లి చేసుకుని బయటికి తెస్తాడు. ఇద్దరివీ వేరు గదులు, తలుపు కొట్టి అనుమతి అడిగి లోపలికి రావాలి. కొన్నాళ్లకు ఆమెకు అతని స్నేహితుడు కిర్సానొవ్ మీద ప్రేమ కలుగుతుంది. లొపుహోవ్ గొడవపడడు. విడాకులు దొరకవని తెలుసు. ఒక రాత్రి వంతెన మీద పిస్తోలు పేలుతుంది, తూటా దూసుకెళ్లిన టోపీ దొరుకుతుంది, మనిషి లేడు. వేరా చట్టప్రకారం వితంతువు అయిపోయింది, కిర్సానొవ్‌ను పెళ్లాడింది. లొపుహోవ్ అమెరికా వెళ్లి, వేరే పేరుతో తిరిగొచ్చి, ఇంకో అమ్మాయిని చేసుకుంటాడు. నలుగురూ పక్కపక్క ఇళ్లలో హాయిగా ఉంటారు.

కథగా ఇది కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ దీన్ని చదివిన కుర్రకారు అలాగే బతకడానికి ప్రయత్నించారు. ఆడపిల్ల ఇల్లు దాటాలంటే తండ్రి అనుమతో భర్త అనుమతో కావాలి కాబట్టి, అనుమతి ఇచ్చే భర్తను వెతుక్కుని ఉత్తుత్తి పెళ్లిళ్లు చేసుకున్నారు. గణితశాస్త్రంలో ప్రపంచఖ్యాతి పొందిన సోఫియా కొవలేవ్‌స్కయా 1868లో విదేశాల్లో చదువుకోవడం కోసం చేసుకున్నది అలాంటి పెళ్లే.

ముప్పై ఏళ్ల తర్వాత నవలలోని లొపుహోవ్ నాటకం మాస్కోలో నిజంగా జరిగింది. ఎకతెరీనా గిమర్ అనే ఆమె, తాగుడుకు బానిసైన భర్త నికొలాయ్ నుంచి ఎప్పుడో విడిపోయి, వేరొకరిని పెళ్లి చేసుకోవాలనుకుంది. విడాకులకు ప్రయత్నించారు, దొరకలేదు. భర్త ఒడ్డున బట్టలు, కాగితాలు వదిలి మునిగి చచ్చిపోయినట్టు నాటకమాడాడు. నదిలో దొరికిన ఎవరిదో శవాన్ని ఆమె తన భర్తదేనని చెప్పి పూడ్పించి, రెండో పెళ్లి చేసుకుంది. ఆ చచ్చిపోయినవాడు పాస్‌పోర్టు కోసం వెళ్లి పట్టుబడ్డాడు. మళ్లీ పాస్‌పోర్టే. 1897లో విచారణ జరిగి ఇద్దరికీ సైబీరియా శిక్ష పడింది. న్యాయవేత్త కోనీ చొరవతో అది ఏడాది జైలుగా తగ్గింది. వీళ్ల కొడుకే తర్వాత సుఖానొవ్ పేరుతో 1917 విప్లవాన్ని రోజురోజూ చూసి రాసినవాడు.

ఈ కేసు విని 1900లో టాల్‌స్టాయ్ "బతికున్న శవం" నాటకం రాశాడు. బతికుండగా ప్రచురించలేదు. 1911లో మాస్కో ఆర్ట్ థియేటర్ ఆడింది. ఇందులో ఫేద్యా ప్రోతాసొవ్ తాగుబోతు, జిప్సీ పాటలంటే ప్రాణం, కానీ నిజాయితీపరుడు. భార్య లీజాకు, ఆమెను ప్రేమించే విక్టర్‌కు దారివ్వాలనుకుంటాడు. ఆ విక్టర్ ఇంటిపేరు కరెనిన్. టాల్‌స్టాయ్ ఆ పేరు మళ్లీ ఎందుకు వాడాడో మీరే ఊహించండి. విడాకుల కోసం దొంగసాక్షులతో ఆ రోత నాటకం ఆడటం ఫేద్యా వల్ల కాదు. అబద్ధం చెప్పలేక చచ్చిపోయినట్టు నటిస్తాడు. ఆ గుట్టు ఒక బ్లాక్‌మెయిలర్ చెవిన పడి కేసు అవుతుంది. వాళ్ల రెండో పెళ్లి చెల్లదని, తను మళ్లీ లీజా భర్త అవుతాడని తెలుసుకుని, కోర్టు నడవాలోనే కాల్చుకుంటాడు. "అన్నా కరెనినా"లో చట్టం వెనక తెరలా ఉంటే, పాతికేళ్ల తర్వాత ఇక్కడ టాల్‌స్టాయ్ దాన్ని తెర ముందుకు లాక్కొచ్చి బోనులో నిలబెట్టాడు. మనవాళ్లు అన్నాను నెత్తిన పెట్టుకుని ఈ నాటకాన్ని పట్టించుకోకపోవడం నాకు బాధ.

ఒక్క మాట మన గురించి. రష్యన్ పుస్తకాలెన్నింటినో మాస్కోలో కూర్చుని తెలుగు చేసిన ఉప్పల లక్ష్మణరావు, రా.రా. (రాచమల్లు రామచంద్రారెడ్డి) లాంటివాళ్ల వల్ల, విశాలాంధ్ర పుస్తకాల దుకాణాల వల్ల మన ఇళ్లలోకి రష్యన్ సాహిత్యం వచ్చింది. ఇవి మనకు అంత త్వరగా ఎక్కడానికి ఒక కారణం ఉందనుకుంటాను. మన దగ్గర మారుమనువు ఆచారం ఉన్న కులాలను పక్కన పెడితే, హిందూ వివాహానికి విడాకులు మద్రాసు రాష్ట్రంలో 1949 చట్టంతోనూ, దేశమంతటా 1955 చట్టంతోనూ వచ్చాయి. కరెనిన్ ఇల్లు మనకు తెలియని ఇల్లేమీ కాదు.

చివరగా చెహోవ్. "కుక్కపిల్లతో ఉన్న మహిళ" 1899 డిసెంబర్లో వచ్చింది. యాల్టాలో గాలిమార్పు కోసం వచ్చిన ఇద్దరు పెళ్లయినవాళ్లు, గూరొవ్, అన్నా సెర్గేయెవ్నా. అతనికి ఇలాంటివి కొత్త కాదు, ఇదీ మర్చిపోతాననుకుంటాడు. మాస్కో వెళ్లాక మర్చిపోలేకపోతాడు. ఒక రాత్రి క్లబ్బు నుంచి బయటికొస్తూ తోటి ఉద్యోగితో, యాల్టాలో ఎంత అద్భుతమైన మనిషి పరిచయమైందో తెలుసా అంటాడు. అతను బండెక్కి, వెనక్కి తిరిగి పిలుస్తాడు. మీరు ఇందాక అన్నది నిజమే, ఆ చేప కాస్త వాసనొస్తోంది అంటాడు. నాకు ఈ చోటు చాలా భయంకరంగా అనిపిస్తుంది. ఇక్కడ ఎవరూ వెలివెయ్యలేదు, తిట్టలేదు. వినలేదు, అంతే.

చెహోవ్ చేసిన కొత్త పని ఏమిటంటే ఈ కథలో ఎవరినీ చంపలేదు. రైలు లేదు, నది లేదు, మఠం లేదు, తప్పుడు వార్త లేదు. విడాకుల మాటే ఎత్తరు. ఆమె రెండు మూడు నెలలకోసారి, డాక్టరుకు చూపించుకోవాలని భర్తకు చెప్పి మాస్కో వస్తుంది, స్లావ్యాన్‌స్కీ బజార్ హోటల్లో దిగుతుంది. ఒక రోజు గూరొవ్ ఆమె దగ్గరికి వెళ్తూ దారిలో కూతుర్ని బడి దగ్గర దింపుతుంటాడు. మంచు పడుతోంది. మూడు డిగ్రీల వేడి ఉంది కదా, అయినా మంచెందుకు పడుతోందంటే, నేల దగ్గరే వెచ్చదనం, పైన వాతావరణం వేరు అని పిల్లకు వివరిస్తాడు. చలికాలం ఉరుములెందుకు రావు నాన్నా అంటే అదీ చెబుతాడు. నోరు ఈ మాటలు చెబుతుంటే మనసు ఇంకో లెక్కలో ఉంటుంది. తనకు రెండు బతుకులున్నాయి, అందరికీ కనిపించేదంతా అబద్ధం, నిజమైనదంతా చాటునే ఉంది అని. కరెనిన్ కోరుకున్న గుట్టు ఇదే, బెట్సీ హాయిగా బతికేసిన గుట్టు ఇదే. ఆ గుట్టును నిజంగా ప్రేమించినవాళ్లు మోస్తే ఎంత బరువో చూపించినవాడు చెహోవ్. కథ ఆపేటప్పుడు కూడా దారి చూపించడు. అసలు కష్టమైంది ఇప్పుడే మొదలవుతోందని వాళ్లిద్దరికీ తెలుసు అని ఆపేస్తాడు. టాల్‌స్టాయ్‌కి ఈ కథ నచ్చలేదు. మంచికీ చెడుకీ తేడా లేకుండా పోయిందని డైరీలో విసుక్కున్నాడు.

1917 డిసెంబర్లో కొత్త ప్రభుత్వం పెళ్లిళ్లను, విడాకులను చర్చి చేతుల్లోంచి తీసేసి, ఒకరు అడిగినా విడాకులిచ్చే చట్టం తెచ్చింది. ఆ తర్వాత రష్యన్ ప్రేమకథలు వేరే చిక్కుల్లో పడ్డాయి. అది ఇంకో సభకు సరిపడా విషయం.

ఇంకా ఇవేవీ మొదలుపెట్టనివాళ్లు చెహోవ్ కథతో మొదలుపెట్టండి, ఒక పూటలో అయిపోతుంది. తర్వాత "బతికున్న శవం" చదివి, అప్పుడు "అన్నా కరెనినా" పట్టుకోండి. లాయరు గదిలో చిమ్మటల దగ్గర కాసేపు ఆగండి. ఎవరైనా ఏమైనా అడగాలనుకుంటే ఇప్పుడు అడగండి.